రైళ్ళు పోయిన బాటలలో సైకిళ్ళు

సైకిలు తొక్కువానికి ముఖ్యముగ రెండు కష్టములు కలవు. ఒకటి మిట్ట, రెండవది మోటారు బండి. మిట్ట కాళ్ళను అలయించును. మోటారు బండి ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఈ రెండు కష్టములును లేని బాటలు ఇంగ్లండు దేశపు పల్లెపట్టులలో వందలకొలది మైళ్ళు కలవు. వానిమీద ఎనిమిదేండ్ల బాలుడును, డెబ్బదియేండ్ల వృద్ధురాలును నిర్భయముగ సైకిలుపై పోవుచుందురు. ఆ బాటలు ఎట్లు పుట్టినవో, ఎట్లు నిలిచియున్నవో విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగియున్నది.

నేడు మనము తొక్కు సైకిలు ఇంచుమించుగ ఆ దేశముననే రూపొందినది. 1885లో కవెంట్రీ నగరవాసి జాన్ కెంప్ స్టార్లీ వెనుక చక్రమును గొలుసు త్రిప్పునట్టి ‘రోవర్’ సైకిలును తయారుచేసెను. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. అంతకు పూర్వమే, 1878లో, సైకిలుపై దేశాటనము చేయువారు అచ్చట ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఆనాడు రోడ్లపై గుఱ్ఱపు బండ్లు తప్ప వేరు భయము లేదు. ఇరువదవ శతాబ్దమున మోటారులు పెరిగి, కంచెల నడుమ మెలికలు తిరుగు ఆ పల్లె రోడ్లను ఆక్రమించినవి. రోడ్డు వెడల్పు పెరుగలేదు గాని బండ్ల వేగము పెరిగినది. పిల్లలకు సైకిలు కొనియిచ్చిన తలిదండ్రులే, దానిపై దూరము పోవలదని చెప్పవలసిన కాలము వచ్చినది.

ఆ మోటారులే రైళ్ళకును పోటీయైనవి. ప్రయాణికులు తగ్గి రైల్వేలకు నష్టము వచ్చుచుండగా, 1963లో బ్రిటిషు రైల్వే బోర్డు అధ్యక్షుడు డాక్టరు బీచింగ్ ఒక నివేదికను ప్రకటించెను. సుమారు 5,000 మైళ్ళ రైలు మార్గమును, 2,300లకు పైగా స్టేషనులను మూసివేయవలెనని అందు సూచించెను. కొన్ని మార్గములు అంతకు ముందే మూతపడియుండెను. ఆ తరువాత పదేండ్లలో మఱి యెన్నియో మూతపడినవి. పట్టాలను, స్లీపర్లను పెఱికి తీసికొనిపోయిరి. మిగిలినవి మట్టికట్టలు, వంతెనలు, సొరంగములు, వానిపై అల్లుకొన్న ముండ్లపొదలు.

ఇట్టి పాడుపడిన మార్గము సైకిలుకు ఎట్లు అనువైనదో చూడుడు. ఆవిరి యంత్రము ఇనుప పట్టాలపై ఇనుప చక్రములతో నడచునది. నిట్టనిలువు మిట్టను అది ఎక్కజాలదు. కావున రైలు మార్గము వేసిన ఇంజనీర్లు పల్లమును కట్టపోసి లేపిరి. మిట్టను త్రవ్వి దింపిరి. కొండకు సొరంగము తొలిచిరి. లోయకు వంతెన కట్టిరి. అందువలన చాలచోట్ల నూరడుగుల దూరమునకు ఒకటి రెండడుగులకు మించి మార్గము లేవదు. వేలాది కూలీలు గడ్డపార, పారలతో ఆనాడు పడిన శ్రమకు ఫలము, నేడు సైకిలు తొక్కు బాలుని కాళ్ళకు దక్కుచున్నది.

కాని యొక అపాయము కలదు. రైలు మార్గపు విలువ దాని అవిచ్ఛిన్నతలో నున్నది. ఇరువది మైళ్ళ మార్గములో నడుమ ఒక ఫర్లాంగు భూమిని అమ్మివేసి, దానిపై ఇండ్లు కట్టిరేని, మిగిలిన భాగము రెండు ముక్కలగును. వంతెనను కూల్చివేసిన దానిని మరల కట్టుటకు ఎంతయో ధనము కావలెను. ఇంగ్లండులో ఇట్లు ముక్కలై పోయిన మార్గములు అనేకములు. కావున మిగిలినవానిని కాపాడదలచినవారు ఆలస్యము చేయుటకు వీలులేకపోయెను.

ఇందు ముందడుగు వేసినవానిలో పీక్ జిల్లా జాతీయ వనము ఒకటి. ఇది 1951లో ఏర్పడిన బ్రిటనులోని మొదటి జాతీయ వనము. ఆష్‌బోర్న్ నుండి పార్స్‌లీ హే వరకు 13 మైళ్ళ పొడవున మూతపడియున్న రైలు మార్గమును ఈ వనాధికారులు కొని, 1971లో టిస్సింగ్టన్ బాట అను పేర నడచువారికిని, సైకిళ్ళవారికిని, గుఱ్ఱపు రౌతులకును తెఱచిరి.

ప్రజలు స్వయముగ చేసిన పనికి బ్రిస్టల్–బాత్ బాట చక్కని నిదర్శనము. ఆ రెండు నగరముల నడుమ నున్న పాత రైలు మార్గమున 1966లో ప్రయాణికుల బండ్లు నిలిచిపోయెను. 1977లో బ్రిస్టలులో సైకిలు ప్రియులు కొందరు ఒక సంఘముగ చేరిరి. జాన్ గ్రిమ్‌షా అను ఇంజనీరు వారికి ముందు నిలిచెను. 1979లో వారు స్వయముగ పొదలు నఱికి, నేలను చదునుచేసి, బాత్ వైపున మొదటి భాగమును సిద్ధపఱచిరి. 1986 నాటికి 13 మైళ్ళ బాటయంతయు పూర్తియైనది. ఆ చిన్న సంఘమే తరువాత సస్ట్రాన్స్ అను పేర దేశవ్యాప్తమైన సంస్థగ పెరిగెను.

బాత్ నగరపు దక్షిణమున మఱియొక వింత కలదు. 1966లో మూతపడిన రైలు మార్గముపై కూమ్ డౌన్ అను సొరంగమున్నది. దాని పొడవు ఒక మైలుకు కొంచెము ఎక్కువ. గాలి పోవుటకు నడుమ గొట్టములు లేవు. 1929లో ఒక గూడ్సు బండి నడుపువారు అందలి పొగకు స్పృహ తప్పిరి. బండి అదుపు లేక దిగువకు పోయి బోల్తాపడగా ముగ్గురు మరణించిరి. అట్టి భయంకరమైన సొరంగమునందు నేడు దీపములు వెలుగుచున్నవి. 2013లో దానిని బాటగ తెఱచిరి. ఇప్పుడు పసిపిల్లలు సయితము దాని నడుమనుండి సైకిళ్ళపై పోవుచున్నారు.

డెర్బీషైరులోని మాన్సల్ బాట కథ మనవారికి మఱింత ఆసక్తికరము. 1863లో అచ్చటి రమ్యమైన లోయలో ఐదు కమానుల వంతెన కట్టి రైలును నడపిరి. జాన్ రస్కిన్ మహాశయుడు దానిని తీవ్రముగ గర్హించెను. కొద్ది నిమిషముల ప్రయాణ సౌకర్యమునకై దివ్యమైన లోయను చెఱచిరని ఆయన ఆవేదన. ఈ రస్కిన్ గ్రంథమునే గాంధీజీ 1904లో దక్షిణాఫ్రికాలో చదివి తన జీవిత విధానమును మార్చుకొనెను. దానిని ‘సర్వోదయ’ మను పేర గుజరాతీలోనికి తెచ్చెను. విశేషమేమన, ఆయన ఆ గ్రంథమును చదివినది రైలు ప్రయాణములోనే. మాన్సల్ రైలు 1968లో నిలిచిపోయెను. రస్కిన్ నిందించిన వంతెన నేడు సంరక్షింపవలసిన కట్టడముల జాబితాలో నున్నది. ఎనిమిదిన్నర మైళ్ళ ఆ మార్గము చాలకాలము నడచువారికి పనికివచ్చుచున్నను, సొరంగములు మూసియుండుటచే అచ్చటచ్చట గుట్టలెక్కి చుట్టు తిరుగవలసియుండెను. 2011లో సొరంగములను తెఱచిన పిమ్మట చక్రముల కుర్చీలో కూర్చున్నవారును ఆ లోయ సౌందర్యమును చూడగలుగుచున్నారు.

నైఋతి మూలనున్న కార్న్‌వాల్‌లో క్యామెల్ బాట కలదు. పేరు విని ఒంటెలను ఊహింపరాదు. క్యామెల్ అనునది అచ్చటి నది పేరు. సుమారు 18 మైళ్ళ ఈ బాటలో కొంతభాగము ఆ నది సముద్రమున కలియు చోటి ఒడ్డుననే సాగును. ఒకప్పుడు అక్కడ రైలు కిటికీనుండి కనిపించిన ఇసుక తిన్నెలను, నీటి పక్షులను నేడు సైకిలు నాపి తనివితీర చూడవచ్చును.

రైలు మార్గములే గాక కాలువగట్లును ఇట్లు ఉపయోగపడుచున్నవి. మన గోదావరి కాలువలపై పడవవారు గట్టున నడచుచు తాళ్ళతో పడవలను లాగెడివారు. ఇంగ్లండులో గుఱ్ఱములచే లాగించెడివారు. గుఱ్ఱము నడచిన ఆ గట్టుబాట సహజముగనే చదునైనది. 1810లో పూర్తియైన కెన్నెట్–ఏవన్ కాలువగట్టుపై బాత్ నుండి డెవైజెస్ వరకు సైకిలుపై పోవచ్చును. డెవైజెస్ చెంత కేన్ హిల్ అనుచోట 29 లాకులు వరుసగ నుండి, పడవలను కొండ యెక్కించుచున్నవి.

ఇట్టి బాటలను ఒకదానితో నొకటి కలుపుటకు 1995లో లాటరీ ఆదాయమునుండి 4 కోట్ల పౌనులకు పైగా సహాయము లభించెను. 2000 నాటికి జాతీయ సైకిలు బాటలు 5,000 మైళ్ళకు చేరెను. అయితే అన్నియు మోటారులు లేనివి కావు. 2018లో పరిశీలింపగా, బ్రిటనులోని ఆ బాటల మొత్తములో సుమారు మూడవవంతు మాత్రమే అట్టివని తేలినది. 2020లో సుమారు నాలుగవవంతు భాగమును జాబితానుండి తొలగించుటయో, వేరు తరగతిలో చేర్చుటయో జరిగెను. పొడవుకన్న భద్రత ముఖ్యమని నిర్వాహకులు గ్రహించి చేసిన పని యిది.

మోటారు లేనంత మాత్రమున బాటపై మర్యాద అక్కఱలేదని తలపరాదు. 1968 నాటి చట్టము గుఱ్ఱపు బాటలపై సైకిలు తొక్కు హక్కునిచ్చినది. అయితే పాదచారులకును, గుఱ్ఱపు రౌతులకును దారి విడువవలెనని ఆ చట్టమే విధించినది. పెద్ద రోడ్డుపై మోటారు మనయెడ ఎట్లు మెలగవలెనని కోరుదుమో, ఈ బాటపై నడచువారియెడ మన మట్లు మెలగవలెను.

2008లో బ్రిస్టల్–బాత్ బాటకు గండమొకటి వచ్చెను. దానిలో కొంతభాగమును బస్సుల మార్గముగ మార్చవలెనను ప్రతిపాదన బయలుదేరెను. వేలాది జనులు నిరసన తెలుపగా దానిని విరమించిరి. ఆ బాటను కాపాడినది నిత్యము దానిపై తిరుగు జనమే. పనికి పోవువారు, బడికి పోవు పిల్లలు, సాయంకాలము షికారు పోవు ముసలివారు ఇది మాది అని చెప్పగలిగిరి. ఆ దినమున బాట నిర్జనమై ముండ్లపొదలతో నిండియున్నచో అడ్డుపడువాడెవడు?

బాట వేయుట ఒక తరము పని. దానిని వాడుకలో నుంచుట ప్రతి తరము పని. భాష విషయమున మన మెఱిగిన సంగతియే యిది.