మందు సీసా ఇంట్లోకి రానీయలేదు అమ్మ!

ఆ సాయంత్రం స్కూటీ డిక్కీలోంచి పురుగుమందు సీసా తీస్తుంటే అమ్మ చూసింది.

"ఏందిరా అది?"

"వంగకు పురుగు పట్టింది కదమ్మా, షాపతను ఇది కొట్టమన్నాడు."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. నాన్న వైపు చూసింది. నాన్న మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. సీసా డిక్కీలోనే ఉండిపోయింది.

మాది నంద్యాల జిల్లా పగిడ్యాల. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఇంటికొచ్చాక పెరట్లో ఖాళీగా ఉన్న సెంటు జాగా కంటబడింది. జూన్‌లో తొలకరి పడగానే పశువుల ఎరువు కలిపి వంగ, బెండ, టమాటా, చిక్కుడు పెట్టేశా. నల్లరేగడిలో నీళ్లు నిలబడితే వేర్లు కుళ్లిపోతాయి, బోదెలు తీసి నాటమని నాన్న చెప్పాడు. యూట్యూబ్‌లో చూసినంత ఈజీగానే మొక్కలు లేచాయి. ఇన్‌స్టాలో ఫొటోలకు లైకులూ వచ్చాయి. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

మూడు తప్పులు చేశా

మొదటిది... చిక్కుడు తీగ మీద ఎర్రటి వీపు, నల్లచుక్కలున్న పురుగులు కనబడితే ఏరి మరీ నలిపేశా. అవి అక్షింతల పురుగులట! చిక్కుడు రసం పీల్చే పేనుబంకను తినేవే అవి. కాపలావాళ్లను నేనే చంపుకున్నానన్నమాట. వారం తిరిగేసరికి తీగంతా నల్లగా బంక పట్టింది.

రెండోది... బెండ ఆకుల్లో ఈనెలు పసుపు రంగుకు తిరిగితే ఎరువు తక్కువైందనుకున్నా. అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. పట్టిన మొక్కకు మందు లేదు, వెంటనే పీకెయ్యడమే. నేను జాలిపడి నాలుగు మొక్కలు ఉంచితే వరుసంతా పసుపెక్కింది.

మూడోది... వంగ కొమ్మల చివర్లు వాడిపోతుంటే రెండు పూటలా నీళ్లు పోశా. కాయలకు బెజ్జాలు పడ్డాకే పురుగని తెలిసింది. అందుకే ఆ సీసా.

నాన్న నోరు విప్పాడు

మర్నాడు పొద్దున్నే నాన్న పెరట్లో కనిపించాడు. వాడిన కొమ్మ చివర తుంచి గోటితో చీల్చాడు. లోపల గులాబీ రంగు పురుగు కదులుతోంది.

"ఇది లోపలుంటే నువ్వు పైన కొడితే ఏం లాభం? పత్తికి నేనూ ఇట్లే కొట్టినా. గాలి ఎదురు తిరిగి చేనులోనే పడిపోయినా. రెండు రాత్రులు ఆసుపత్రి. నీకప్పుడు మూడేండ్లు" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

అప్పుడు సీసా మీద లేబుల్ చదివా. డైమండ్ గుర్తులో కింది సగం పసుపు రంగులో ఉంది. ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదో కూడా రాసుంటుంది. మనమేమో మూడు నాలుగు రోజులకోసారి వంకాయలు కోస్తాం. పక్కింటి పిల్లలు టమాటాలు చెట్టు మీదే తెంపుకుని తింటారు. లెక్క ఎక్కడా కుదరలేదు. మూత తీయని సీసాను షాపులోనే ఇచ్చేసి వచ్చా.

ఈ పురుగు సామాన్యమైంది కాదు. బీటీ వంకాయను తయారుచేసింది దీని కోసమే. 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నాక దాన్ని ఆపేశారు. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతిచ్చింది.

ఇప్పుడేం చేస్తున్నానంటే...

రోజూ పొద్దున స్టాండప్ కాల్‌కు ముందు పది నిమిషాలు పెరట్లో ఉంటా. వాడిన కొమ్మను పురుగున్న చోటికి కింద వరకు తుంచి, బెజ్జం పడ్డ కాయలతో కలిపి సబ్బునీళ్ల బకెట్‌లో వేస్తా. పక్కన పడేస్తే పురుగు మళ్లీ రెక్కల పురుగై వస్తుంది. వంగ మధ్య లింగాకర్షక బుట్ట పెట్టా, మగ రెక్కల పురుగులు అందులో పడుతున్నాయి. తెల్లదోమకు పసుపు అట్టల మీద ఆముదం పూసి కట్టా.

పేనుబంకకైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకుల అడుగున పడేలా కొడతా. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకులు మాడతాయి. ముందు రెండాకుల మీద కొట్టి చూడండి.

అన్నీ పోయాయా అంటే, లేదు. ఇప్పటికీ పది కాయలు కోస్తే రెండు మూడు పుచ్చులే. పుచ్చు వరకు కోసేసి అమ్మ మిగతాది కూర చేస్తుంది.

మొన్న నేను మీటింగ్‌లో ఉండగా నాన్న కిటికీ దగ్గరికొచ్చి బకెట్ చూపించాడు.

"ఈ రోజు మూడే దొరికినాయిరా" అన్నాడు, నవ్వుతూ.

నేను మ్యూట్‌లో పెట్టడం మర్చిపోయా. టీమంతా విన్నారు!