కరెంటు ఆగినంక వచ్చిన దగ్గు

మా ముత్యంపేట దిక్కు క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌ని "కరెంటు పెట్టుడు" అంటారు. "అది కరెంటు కాదు పెద్దమ్మా, ఎక్స్‌రే లాంటి కిరణాలు" అని ఇంజనీరింగ్ తెలివి చూపిస్తే, "ఏదైతేంది బిడ్డా, కాలుడు కాలుడే" అన్నది మా పెద్దమ్మ.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఆమెకి పదిహేను సిట్టింగులు పెట్టారు. అవి అయిపోగానే ఇంటికొచ్చి మళ్లీ బీడీల చాట ముందేసుకుంది. రెండు నెలలకు పొడిదగ్గు మొదలైంది. తర్వాత సన్నటి జ్వరం, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పొగాకు ఘాటుకే అనుకున్నాం. దగ్గర్లో చూపిస్తే దగ్గుమందు, యాంటీబయాటిక్ రాశారు. టీబీ పరీక్ష చేస్తే లేదని వచ్చింది. రేడియేషన్ సంగతి వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. అది అయిపోయిన ముచ్చట కదా అనుకున్నాం. మూడు వారాలు అట్లనే పోయాయి. చివరికి కరెంటు పెట్టిన డాక్టర్ దగ్గరికే తీసుకుపోతే, సీటీ స్కాన్ చూసి చెప్పారు: రేడియేషన్ నిమోనైటిస్. అంటే కిరణాల వల్ల ఊపిరితిత్తికి వచ్చిన వాపు.

దీన్ని ముందే ఆపే మందు లేదా? ఆ ప్రశ్న పట్టుకుని నేను చదివింది ఇది.

ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. రొమ్ము వెనకాలే ఊపిరితిత్తి ఉంటుంది. కిరణం ఎంత గురిచూసి వేసినా దాని అంచు కొంత అందులోంచి పోతుంది. మన కణాల్లో ఎక్కువ భాగం నీరే. కిరణం ఆ నీటి అణువులను చీల్చి ఫ్రీ రాడికల్స్‌ని పుట్టిస్తుంది, అవి డీఎన్ఏని కొడతాయి. ఊపిరితిత్తిలోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా సబ్బునురగ లాంటి ఒక పూతను తయారుచేసే కణాలు కూడా దెబ్బతింటాయి. ఆ దెబ్బ వెంటనే బయటపడదు. వాపు సాధారణంగా ఒకటి నుంచి ఆరు నెలల లోపు కనిపిస్తుంది. కొందరిలో ఆ తర్వాత మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. వాపుని తగ్గించొచ్చు కానీ, కట్టిన మచ్చను మళ్లీ మెత్తగా చేయడం కష్టం.

ఇక మందుల సంగతి. వీటిలో పేరున్నది అమిఫోస్టిన్. అణుయుద్ధం వస్తే సైనికులను కాపాడాలని అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ వేల రసాయనాలను పరీక్షించి దీన్ని ఎంచింది. మొదటి పేరు డబ్ల్యూఆర్-2721. ఇది ఫ్రీ రాడికల్స్‌ని పట్టేస్తుంది. మరి క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడితే? అక్కడే ఉంది తెలివి. ఈ మందు పనిచేయాలంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టాలి. ఆ ఎంజైమ్ మంచి కణజాలంలో ఎక్కువ, గడ్డలో తక్కువ.

1999లో అమెరికాలో, తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకునేవాళ్ల నోరు ఎండిపోకుండా వాడటానికి దీనికి అనుమతి వచ్చింది. ఊపిరితిత్తి విషయంలో కథ అంత సాఫీగా లేదు. చిన్న ట్రయల్స్‌లో నిమోనైటిస్ తగ్గినట్టు కనిపించింది. 243 మంది లంగ్ క్యాన్సర్ రోగులతో చేసిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ఆశించిన రక్షణ రుజువు కాలేదు. పైగా వాంతులు, బీపీ పడిపోవడం. బీపీ మాత్ర క్యాప్టోప్రిల్ ఎలుకల్లో ఆశ చూపించింది, కానీ మనుషుల మీద మొదలుపెట్టిన ట్రయల్‌ని సరిపడా రోగులు చేరక ఆపేశారు. కాళ్లలో రక్తప్రసరణకు వాడే పెంటాక్సిఫిలిన్ మీద ఉన్నవి కూడా చిన్న ప్రయోగాలే. అందుకే ఊపిరితిత్తి కోసం అందరికీ మామూలుగా ఇచ్చే రక్షణ మందు ఇప్పటికైతే లేదు.

మరి కాపాడుతున్నది ఏంటి? మన సబ్జెక్టే! సీటీ స్కాన్ మీద కంప్యూటర్‌తో కిరణాల దారి లెక్కగట్టడం. లంగ్ క్యాన్సర్ ప్లాన్‌లో 20 గ్రేలు, అంతకు మించి డోసు పడే ఊపిరితిత్తి భాగం దాదాపు మూడో వంతు దాటకుండా చూస్తారు. ఒక గ్రే అంటే కిలో కణజాలానికి ఒక జౌల్ శక్తి. ఫిజిక్స్ ల్యాబ్‌లో విసుగ్గా రాసుకున్న యూనిట్, పెద్దమ్మ రిపోర్టులో కనబడితే వేరేగా ఉంటది.

వాపు వచ్చాక మందు ఉంది. డాక్టర్లు ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. పెద్దమ్మకి వారంలో ఆయాసం తగ్గింది. "మంచిగైంది కదా, ఇంకెందుకు గోలీలు" అని మానేయబోతే నేనే ఆపాను. మధ్యలో ఆపితే వాపు తిరగబెట్టొచ్చు. ఇప్పుడు ఆమె బాగానే ఉంది, గుట్ట ఎక్కితే మాత్రం మధ్యలో ఒకసారి కూర్చుంటది.

మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీకి కరెంటు పెట్టి ఉంటే, ఆ ఫైలు పారేయకండి. ఆర్నెల్ల దాకా, ఆ తర్వాత కూడా, పొడిదగ్గు, జ్వరం, ఆయాసం వస్తే ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు ఆ మాటే చెప్పండి. మేము చెప్పక మూడు వారాలు పోగొట్టుకున్నాం.