రైలొచ్చేలోపు నూడుల్స్!

'తమ్ముడూ, ఒక ఎగ్ నూడుల్స్... పార్సిల్! కారం తగ్గించు, పిల్లాడికి.'

'ఆయ్! రెండు నిమిషాలండీ!'

మైకులో రైలు వస్తోందని చెప్పేస్తున్నారు. తండ్రి ఓ కన్ను సిగ్నల్ మీద, ఓ కన్ను మూకుడు మీద వేసి నిలబడతాడు. రాజమండ్రి స్టేషన్ దగ్గర సాయంత్రమైతే ఈ హడావుడి మామూలే.

ఆలమూరు వాళ్లకి ఇది బాగా తెలుసు. ఊళ్లో స్టేషన్ లేదు. దగ్గర్లోని ద్వారపూడిలో చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. హైదరాబాదైనా చెన్నయ్ అయినా... జొన్నాడ దగ్గర హైవే ఎక్కి రాజమండ్రి రావాల్సిందే. బస్సుని నమ్ముకోలేక రెండు గంటల ముందే బయల్దేరతారు. ఇంటి దగ్గర కట్టిన పులిహోర సంచిలోనే ఉంటుంది. పిల్లలేమో అటు చూడరు! వరి పండించే ఊరివాళ్లు మైదాపిండి పోగుల కోసం వరసలో నిలబడటం తమాషాగానే ఉంటుంది.

ఇంతకీ, ఆ 'రెండు నిమిషాల' రహస్యం ఏమిటి? అసలు పని మధ్యాహ్నమే అయిపోతుంది. నూడుల్స్‌ని కాస్త పలుకుండగానే ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చి, చన్నీళ్లు పోసి, అంటుకోకుండా నూనె రాసి ఆరబెడతారు. క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం సన్నగా తరిగి పెట్టుకుంటారు. గిరాకీ రాగానే మిగిలేది పెద్ద మంట, ఎగరేసే చెయ్యి, సోయాసాస్, వెనిగర్. మంట తగ్గితే కూరగాయలు నీరొదిలి అంతా ముద్దయిపోతుంది. అందుకే ఆ స్టవ్వు అంత హోరెత్తేది.

పేరు చైనాదే. 2005లో చైనాలోని లాజియా తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్లనాటి నూడుల్స్ గిన్నె బయటపడిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి కొర్రల్లాంటి చిరుధాన్యాలతో చేసినవట. మన బండి మీది రుచి మాత్రం కలకత్తాలో పుట్టింది. అక్కడ తోళ్ల శుద్ధి పనిలో స్థిరపడ్డ హక్కా చైనీయులు ట్యాంగ్రాలో హోటళ్లు పెట్టి, మన నాలుకకి తగ్గట్టు పచ్చిమిర్చి, వెల్లుల్లి దట్టించారు. కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలో చికెన్ మంచూరియాని తయారుచేశాడు. ఆ పేరుతో చైనాలో ఏ వంటకమూ లేదు!

దీనివెనక ఓ చేదు కథా ఉంది. 1962 యుద్ధం రాగానే మన దేశంలోని చైనీయుల్ని అనుమానించారు. అస్సాం, బెంగాల్ ప్రాంతాల నుంచి పిల్లాపాపలతో సహా దాదాపు మూడు వేలమందిని రైళ్లెక్కించి, రోజుల తరబడి ప్రయాణం చేయించి, రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో పెట్టారు. కొందరు అక్కడే ఏళ్లు గడిపారు. బయటికొచ్చాక ఎంతోమంది దేశమే వదిలి కెనడాలాంటి చోట్లకి వెళ్లిపోయారు. మనుషులు వెళ్లిపోయారు, వాళ్ల వంట ఉండిపోయింది. ఇప్పుడు గరిట తిప్పేది ఏ ఒడిశా కుర్రాడో, ఏ నేపాలీనో. ఇక్కడికొచ్చాక మొదట నేర్చుకునే తెలుగు ముక్క బహుశా ఆ 'ఆయ్' అనే మాటే!

అన్నట్టు, కోనసీమకీ రైలు రావాల్సిందే. కాకినాడ-కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లోగానీ రైలు తిరగలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం లైను కోసం అప్పటి లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పట్టుబట్టారు. ఆయన 2002లో పోయారు. లైను ఇంకా పూర్తికాలేదు. అందాకా సంచులు మోసుకుని రాజమండ్రి రావడం తప్పదు.

రైలు ఆగింది. కుర్రాడు పొట్లానికి రబ్బరు బ్యాండు బిగించి చేతిలో పెట్టాడు. చిల్లర కోసం ఆగితే రైలు ఆగదు. 'ఉంచుకో తమ్ముడూ' అంటూ తండ్రి పరుగు. గోదావరి వంతెన దాటేసరికి పొట్లం ఖాళీ. పులిహోర డబ్బా ఏలూరులో తెరిచారు.