వెలుగు పడితే అణువు ఎలా తిరుగుతుంది?

ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి. కంటికి కనిపించని అణువు తిరగాలంటే? వెలుగు చాలు! నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో బెన్ ఫెరింగా బృందం 1999లో ఈ సంగతి చేసి చూపించింది.

ఎలాగంటే, ఆ అణువుకు రెండు రెక్కలుంటాయి. వాటిని కలిపేది రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉన్న ద్విబంధం. మామూలుగా అది బిగుసుకుని ఉంటుంది, రెక్కల్ని తిరగనివ్వదు. అతినీలలోహిత కాంతి తగిలిందా, బంధం క్షణంలో సడలి, ఒక రెక్క దాదాపు అరచుట్టు తిరుగుతుంది. ఇప్పుడు రెక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇరుకున పడ్డాయి. చుట్టూ ఉన్న వేడి అందుకుని ఒకటి రెండోదాన్ని దాటి జారిపోతుంది. ఇక వెనక్కి రావడం కష్టం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది! మళ్లీ కాంతి, మళ్లీ వేడి. నాలుగు అంచెల్లో ఒక పూర్తి చుట్టు, అదీ ఎప్పుడూ ఒకే దిక్కుకు.

ఇంత చిన్న మోటారు ఏం చేయగలదు అనుకోకండి. ద్రవస్ఫటికపు పొరలో వీటిని కలిపి, పైన 28 మైక్రోమీటర్ల గాజు కడ్డీ పెడితే, మోటారుకన్నా వేల రెట్లు పెద్దదైన ఆ కడ్డీ తిరిగింది. తర్వాత ఇలాంటి అణువులే నీటిలో, రసాయన బంధాలేవీ లేకుండా, బలహీనమైన ఆకర్షణలతోనే పోగులుగా అల్లుకున్నాయి. ఆ పోగుల తీగ కండరంలా పనిచేసి, వెలుగు వైపు వంగింది.

ఫెరింగాకు 2016లో జాన్ పియర్ సోవాజ్, ఫ్రేజర్ స్టొడార్ట్‌లతో కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.