గీత వంకరయితే గుండె చెడినట్లేనా?

బరంపురంలో మాకు వరుసకు పెదనాన్నగారొకరున్నారు. కిందటేడు కంటిశుక్లం ఆపరేషనుకని వెళితే ముందుగా ఇ.సి.జి. తీసినారు. ఆ కాగితం పైన యంత్రమే "అబ్నార్మల్" అని అచ్చువేసి యిచ్చినది. ఆయనకు నొప్పి లేదు, ఆయాసం లేదు. రోజూ రెండు మైళ్లు నడిచే మనిషి. అయినా ఆ ఒక్క మాటతో నడక మానినారు, మెట్లెక్కడం మానినారు, మనుమరాలి పెండ్లి వాయిదా వేయుమన్నారు. ఇంటిల్లిపాదికీ నిద్ర కరువైనది.

ఇటువంటి కాగితాలు మన యిండ్లకు తరచుగా వస్తున్నవి గనుక వాటి సంగతి కొంత తెలుసుకొందము.

గుండె కొట్టుకొనేటప్పుడు పుట్టే సన్నని విద్యుత్తును యీ యంత్రం గీతలుగా గీస్తుంది. ఆ గీతల మర్మం విప్పినందుకు హాలెండు శాస్త్రజ్ఞుడు ఐన్‌తోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానం వచ్చినది. అయితే ఆ గీతలు విద్యుత్తు నడచిన తీరును చెబుతాయే గాని రక్తనాళాలను నేరుగా చూపవు. తీగలు సరియైన చోట అంటించకపోయినా గీత మారిపోతుంది.

పెదనాన్నగారి కాగితంలో ఉన్నది "రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్". బ్లాక్ అనగానే రక్తనాళం పూడిపోయినదని ఆయన బెదరినారు. నిజానికది గుండె కుడివైపుకు విద్యుత్తు పోయే దారిలో కలిగిన ఆలస్యం మాత్రమే. డాక్టరుగారు ఎకో తీయించి, గుండె నిర్మాణం బాగున్నదని చూచి, మందు అక్కరలేదన్నారు. ఎడమవైపు బ్లాకయితే మాత్రం కారణం వెదకి తీరవలెను.

ఏ బాధా లేనివారిలో పరీక్ష ఎందుకు పొరబడుతుందో ఒక లెక్క వేసి చూడండి. వెయ్యిమందిలో 20 మందికి జబ్బున్నదనుకొందము. పరీక్ష వారిలో 16 మందిని పట్టినది. మిగిలిన 980 మందిలో నూటికి పదిమంది చొప్పున 98 మందిని పొరపాటున అనుమానించినది. అప్పుడు "తేడా" అనిపించుకొన్న 114 మందిలో నిజమైన రోగులు 16 మందే!

అట్లని కాగితాన్ని చించి పారవేయరాదు. ఆనాడు తోడు వెళ్లిన పెద్దమ్మగారి నాడి కూడ డాక్టరుగారు పట్టి చూచినారు. అది లయ తప్పి ఉన్నది. ఇ.సి.జి.లో "ఏట్రియల్ ఫిబ్రిలేషన్" అని తేలినది. ఆమెకూ ఏ బాధా లేదు. కాని దానివల్ల గుండెలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చును. ఆమెకు మధుమేహం, రక్తపుపోటు కూడ ఉన్నందున గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టినారు.

కనుక పాత ఇ.సి.జి.లను దాచి, కొత్తదానితో పాటు డాక్టరుకు చూపండి. వంశంలో చిన్నవయసున హఠాన్మరణాలు జరిగియుంటే చెప్పండి. ఛాతీలో బిగుతు, ఆయాసం, స్పృహ తప్పడం కలిగితే కాగితం బాగున్నదని ఊరకుండక వెంటనే 108కి ఫోను చేయండి.

పెండ్లి అనుకొన్న ముహూర్తానికే జరిగినది. పెదనాన్నగారు మళ్లీ నడుస్తున్నారు. పెద్దమ్మగారి మాత్ర వేళకు అందించేది ఆయనే.