పేరు కుంపటి, వంట పెనముమీద

చలికాలపు తెల్లవారుజామున కుంపటి ముందు కూర్చుండి అరచేతులు కాచుకొనిన జ్ఞాపకము మనలో పెద్దవారికి పెక్కుమందికి ఉండును. మట్టితోనో ఇనుముతోనో చేసిన పాత్ర, అందులో నాలుగు బొగ్గులు, పైన పలుచని నివురు. జపానుదేశమున ఇట్టి వస్తువునకే 'హిబాచి' అని పేరు. 'హి' అనగా నిప్పు. 'హాచి' అనగా గిన్నె. నిప్పుగిన్నె యనగా మన కుంపటియే.

కాని నేడు అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు "ఈ రాత్రి హిబాచికి పోదాము" అన్నప్పుడు వారు పోవునది కుంపటి దగ్గరకు కాదు. అచ్చట బొగ్గు లేదు, నివురు లేదు, గిన్నెయు లేదు. ఎనిమిదిమంది చుట్టును కూర్చుండదగిన పెద్ద పెనము, దాని వెనుక ఎత్తైన టోపీ ధరించిన వంటవాడు మాత్రమే ఉందురు. పేరొకటి, వస్తువొకటి. ఈ పొరపాటు ఎట్లు వచ్చినదో, ఆ పెనముమీద జరుగునదేమో, అచ్చటికి పోవు తెలుగు కుటుంబము ముందుగా తెలిసికొనవలసినది ఏమో నేడు మనవి చేయుదును.

హిబాచి జపానులో చాల పాతది. క్రీ.శ. 794 మొదలు 1185 వరకు గల హెయాన్ యుగమునాటికే సంపన్నుల ఇండ్లలో అది ఉండెను. పాత్రలో బూడిద పరచి, దానిమీద కాలిన బొగ్గులు పేర్చి, ఇనుప పుల్లలతో వానిని సరిచేయుచుందురు. చేతులు కాచుకొనుటకును, ఇనుప ముక్కాలిమీద తేనీటి కెటిలు పెట్టుకొనుటకును అది ఉపయోగపడెడిది. కుటుంబమునకు వలయు వంట దానిమీద జరుగలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము కిరసనాయిలు పొయ్యిలు, విద్యుత్తు హీటర్లు వచ్చి హిబాచిని మూలకు నెట్టినవి.

చేపలు మొదలగువానిని కాల్చుకొనుటకు జపానీయులకు వేరొక చిన్న పొయ్యి కలదు. దాని పేరు 'షిచిరిన్'. అమెరికాలో మాత్రము బొగ్గుతో మండు చిన్న ఇనుప పొయ్యిలను 'హిబాచి' అను పేరుతోనే అమ్మిరి. ఆ విధముగా ఆ మాటకు అమెరికనుల నోట జపాను తీరున కాల్చు వంట అన్న అర్థము అబ్బినది. పిమ్మట ఆ పేరు పెనముమీది వంటకును అంటుకొన్నది. జపానులో ఈ వంటకు సరియైన పేరు 'తెప్పన్‌యాకి'. 'తెప్పన్' అనగా ఇనుప పలక. 'యాకి' అనగా కాల్చినది, వేచినది.

ఈ వంట ప్రాచీనమని తలపరాదు. బౌద్ధధర్మ ప్రభావమున జపానులో పశుమాంసమునకు చాలకాలము ఆదరము లేకుండెను. క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి సంవత్సరములో కొన్ని నెలలపాటు పశువు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి మాంసములను నిషేధించెను. 1872లో మెయిజి చక్రవర్తి గోమాంసము భుజించినట్లు లోకమునకు తెలిపిన పిదపగాని ఆ సంకోచము సడలలేదు. పెనముమీద మాంసము వేచి అతిథి ఎదుటనే వడ్డించు పద్ధతి ఇంకను ఇటీవలిది. కోబె నగరమున 1945లో నెలకొల్పిన 'మిసోనో' అను భోజనశాలవారు దానికి తామే ఆద్యులమని చెప్పుకొందురు. ఆ వంటయందు స్వదేశీయులకంటె విదేశీయులే ముందుగా మక్కువ చూపిరట.

అమెరికాకు దీనిని చేర్చి అచ్చటి వీధులకు పరిచయము చేసినవాడు హిరోయాకి అయోకి. 'రాకీ' అని లోకము పిలిచెను. 1938లో టోకియోలో పుట్టిన ఇతడు కుస్తీ ఆటగాడు. యుద్ధానంతరము ఇతని తండ్రి టోకియోలో ఒక చిన్న కాఫీ దుకాణము పెట్టి దానికి 'బెనిహన' అని పేరిడెను. ఆ మాటకు ఎర్రని పువ్వు అని అర్థము. కుసుమపువ్వును ఉద్దేశించి పెట్టిన పేరు. బాంబులకు కూలిన నగర శిథిలముల నడుమ విరిసియున్న ఎర్రపువ్వును చూచి ఆ పేరు ఎన్నుకొనెనని చెప్పుదురు. తెలంగాణపు నల్లరేగళ్లలో నూనెగింజలకై మన రైతులు పండించు కుసుమ పంటయే ఇది.

న్యూయార్కు చేరిన రాకీ హార్లెమ్ పేటలో ఐస్‌క్రీము బండి నడిపి సొమ్ము కూడబెట్టెను. 1964లో 56వ వీధియందు నాలుగే బల్లలతో 'బెనిహన' తెరచెను. మొదటి నెలలలో జనము రాలేదు. 1965లో 'న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్' పత్రికలో క్లెమెంటైన్ పాడిల్‌ఫర్డ్ అను విమర్శకురాలు మెచ్చి వ్రాసిన పిదప ఆ నాలుగు బల్లలు చాలకపోయినవి. రాకీ 2008లో మరణించునాటికి ఆ పేరు అనేక దేశములకు ప్రాకినది.

అతడు కనిపెట్టిన కీలకము ఒకటి కలదు. అమెరికనులకు క్రొత్త దేశపు వాతావరణము ఇష్టమేకాని, క్రొత్త దేశపు తిండి యన్నచో జంకు. అందుచేత అతడు వారికి తెలిసిన మాంసము, కోడి, రొయ్య మాత్రమే ఉంచి, వంటను గోడ వెనుకనుండి బల్ల దగ్గరకు తెచ్చెను. కంటి ఎదుట వండిన దానిని మనిషి నమ్మును. దీనివలన వ్యాపారమునకును మేలు కలిగినది. 1972లో హార్వర్డు వాణిజ్య విద్యాలయము ఈ భోజనశాలను పాఠముగా వ్రాసికొన్నది. సాధారణ హోటలులో వంటగది మొదలగువానికి నూటికి 30 వంతుల స్థలము పోవుచుండగా, ఇచ్చట 22 వంతులే చాలినదని అందు చెప్పబడినది. ఇద్దరే వచ్చినను అపరిచితులతో చేర్చి ఎనిమిదిమందిని ఒక బల్లకు కూర్చుండబెట్టుట కూడ ఆ లెక్కలోనిదే.

ఇక పెనము సంగతి. అది వ్రేలి లావున నుండు ఉక్కుపలక. క్రింద గ్యాసు మంట. పైన పొగను లాగు గొట్టము. పలక మందముగా నుండుటచేత వేడిని నిలువచేసికొనును. చల్లని కూరముక్కలు పడినను వెంటనే చల్లారదు. నడుమ వేడి ఎక్కువ, అంచులందు తక్కువ. కావున వంటవాడు నడుమ వేచి, అయిన దానిని అంచుకు జరుపును. మన టిఫిను హోటలులో దోసెలు పోయువాడు పెనముమీద నీళ్లు చిలుకరించి చూచుట మీరెరుగుదురు. నీటిబొట్లు ముత్యములవలె దొర్లినచో పెనము మిక్కిలి కాగినదని గుర్తు. బొట్టు అడుగున పుట్టిన ఆవిరి పొర దానిని మోయుచుండును. ఇచ్చట కూడ అదే పరీక్ష, అదే అట్లకాడ.

వేచిన పదార్థమునకు ఎర్రని రంగును కమ్మని వాసనయు వచ్చుటకు కారణమైన రసాయనిక చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వర్ణించెను. అది చురుకుగా సాగుటకు సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. ముక్కలమీద తడి ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీలు దాటదు. అందుచేతనే ఇచ్చట ముక్కలను పలుచగా పరచి, తడి ఆరనిచ్చి, పిమ్మట త్రిప్పుదురు. ఒకేసారి కుప్ప పోసినచో అవి వేగవు, ఉడుకును. ఇది మన వంటింటి బెండకాయ వేపుడునకును వర్తించును.

రెండేండ్ల క్రిందట సెలవుమీద న్యూజెర్సీ రాష్ట్రమున నున్న మా అన్నగారి కుమార్తె ఇంటికి పోయితిని. అన్నగారును వదినగారును అంతకు మూడు వారములు ముందే అచ్చటికి చేరియుండిరి. మనుమరాలికి ఆరవ పుట్టినరోజు. ఆ పిల్ల కోరిక హిబాచి. మేము ఆరుగురము, మిగిలిన రెండు కుర్చీలలో ఒక వృద్ధ అమెరికను దంపతులు. మన పంక్తిభోజనములలో ప్రక్కన ఎవరు కూర్చుండవలెనన్న విచారణ చాలకాలము సాగినది. ఇచ్చట దానికి తావు లేదు.

వంటవాడు వచ్చెను. అతడు జపానీయుడు కాడు, మెక్సికోనుండి వచ్చినవాడు. అట్లకాడను కత్తితో తాళము వేయుచు, కోడిగ్రుడ్డును గాలిలో ఎగురవేసి అట్లకాడ అంచున పట్టెను. ఉల్లిపాయ చక్రములను పెద్దదానిమీద చిన్నది పేర్చి గోపురము కట్టి, నడుమ కొంచెము నూనె, మద్యము పోసి అంటించెను. మంట భగ్గున లేచెను. అది 'అగ్నిపర్వత' మట. మండునది మద్యపు ఆవిరి గనుక క్షణములో ఆరిపోవును. అయినను పిల్లలను పెనము అంచునకు దూరముగా ఉంచుట మంచిది. మనుమరాలు కేరింతలు కొట్టెను.

మా వదినగారి ముఖమున మాత్రము నవ్వు లేదు. ఆమె శాకాహారి. ఎదుటి దంపతులు గోమాంసమును రొయ్యలను కోరిరి. పెనము ఒక్కటే, అట్లకాడ ఒక్కటే. ఆమె నా వైపు వంగి, "మరిదిగారూ, నాకు ఆకలి లేదని చెప్పండి" అనెను. అంతకుముందు మూడు వారములనుండి బయట ఎక్కడికి పోయినను ఆమె ఆ మాటయే చెప్పుచుండెనని తరువాత తెలిసినది. కూతురు నొచ్చుకొని, "అమ్మా, అందరి ముందు అడిగితే బాగుండదే" అన్నది.

అడిగినవాడను నేనే. వంటవాడు అట్లకాడను క్రింద పెట్టెను. ఆట ఆగినది. ఆమె ఎదుటికి వచ్చి, ఏమి తినును, ఏమి తినదు అని ఒక్కొక్కటిగా అడిగి తెలిసికొనెను. పెనమును గీకి, నీరు పోసి తుడిచి, లోపలినుండి వేరొక అట్లకాడ తెప్పించెను. గ్రుడ్డు లేకుండ అన్నము, ఉల్లి, పుట్టగొడుగులు, గుమ్మడిజాతి కాయయగు జుకినీ మొట్టమొదట ఆమెకే వేచి పెట్టెను. పులుసు గిన్నెను మాత్రము ఆమె ముందునుండి తానే తీసివేసి, అందులో మాంసపు రసము కలదని చెప్పెను. ఎదుటి వృద్ధురాలు తమకు తొందర లేదని చేతితో సైగ చేసెను. మాంసము ఏనాడును సోకని పెనము అది కాదని వదినగారు ఎరుగుదురు. కొంతసేపు ఆలోచించి, తినిరి.

కారు ఎక్కిన పిదప ఆమె అన్న మాట ఇది: "ముప్పైయైదేళ్లనుంచి వండుతున్నాను. నా ఎదుటికి వచ్చి, నువ్వేం తింటావమ్మా అని అడిగినవాడు ఇతనొక్కడే." మా అన్నగారు మాటాడలేదు. నేనును మాటాడలేదు.

అట్టి చోటికి పోవు మన కుటుంబములకు కొన్ని సూచనలు. మొదట వచ్చు తేట పులుసు సాధారణముగా కోడి లేక మాంసపు రసముతో కాచినది. 'మిసో' పులుసు చూచుటకు శాకమువలె నుండును, కాని దాని మూలరసమును ఎండుచేప తురుముతో కాచుట వాడుక. వేపుడు అన్నమున గ్రుడ్డు కలుపుదురు. తెల్లని లేక లేత గులాబీ రంగు ముంజుడు రసము 'మయొనేజు'తో చేసినది. అందును గ్రుడ్డు కలదు. సోయా రసమున సాధారణముగా గోధుమ ఉండును. రొయ్య లేక గోధుమ పడని దేహమువారు మరింత జాగ్రత్త వహింపవలెను. ఒకే పెనముమీద అన్నియు కలియుచుండును. ఈ సంగతులన్నియు పెనము కాగకముందే చెప్పవలెను. నూనె పడిన తరువాత చెప్పినచో ఎవ్వరికిని సుఖము లేదు. పెనమును తుడిచిన మాత్రమున తృప్తిపడనివారు ఆ చోటికి పోకుండుటయే మేలు. బిల్లుపై నూటికి 15 నుండి 20 వరకు ఇనాము ఇచ్చుట అచ్చటి ఆచారము.

జపానులోని తెప్పన్‌యాకి శాలలలో సాధారణముగా ఈ గారడీ కనబడదు. అచ్చటి వంటవాడు నిశ్శబ్దముగా పనిచేయును. అతిథులు ఆ చేతి నేర్పునే చూచుచుందురు. గ్రుడ్లు ఎగురవేయుట అమెరికాలో పెరిగిన ముచ్చట. రెంటికిని సామాన్యమైనది మాత్రము ఒకటి కలదు: వండువానికిని తినువానికిని నడుమ గోడ లేదు. తినువాడు అడుగవచ్చును; వండువాడు వినవచ్చును. ఆ రాత్రి మా బల్లకడ అగ్నిపర్వతముకంటె ఎక్కువ పనికివచ్చినది అదియే. హిబాచి అను పేరు పెనమునకు తప్పే కావచ్చును. కాని నిప్పు చుట్టును మనుష్యులు చేరి ఒకరి ముఖమొకరు చూచుకొనుట కుంపటినాటి అలవాటే కదా.

మరునాటి ఉదయము నేను లేచి చూచునప్పటికి మా అన్నగారు వంటింటిలో కుర్చీ వేసికొని, వదినగారిని అడిగి అడిగి ఉల్లిపాయలు తరుగుచుండిరి. అగ్నిపర్వతము కట్టుట ఆయనకు రాలేదు. కన్నీరు మాత్రము ధారాళముగా వచ్చెను.