రాయిని కోసేది రాయే

వేసవిలో ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్తుంటే వంతెనల కింద ఇసుకే తప్ప నీటిచుక్క కనపడదు. ఇలాంటి ఏరు కొండను కోసిందంటే నమ్మబుద్ధి కాదు. ఆ పని ఏడాది పొడవునా సాగేది కాదు. అక్టోబరు, డిసెంబరు మధ్య వాయుగుండం పట్టిన నాలుగు రోజుల్లోనే చాలావరకు జరిగిపోతుంది.

ఉత్త నీటికి గట్టిరాయిని కోసే బలం తక్కువ. అది మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లే దాని ఉలి, దాని ఆకురాయి. ప్రవాహ వేగం రెండింతలైతే, అది దొర్లించగల రాయి బరువు సుమారు 64 రెట్లవుతుందని లెక్క. నిన్న గులకరాయిని కదపలేని ఏరు, ఒక్క రాత్రి వరదకు బండల్ని దొర్లించేది అందుకే.

వెలిగొండ కొండల వాగుల్లో నీరు తగ్గాక, బండల మీద రోళ్ల లాంటి గుంతలు కనిపిస్తే చెయ్యి పెట్టి చూడండి. ఒక్కోసారి అడుగున నున్నటి గుండ్రాళ్లు తగులుతాయి. సుడిలో చిక్కిన రాయి అక్కడే గిరగిరా తిరిగి రోలును తొలిచింది, తొలుస్తూ తానూ అరిగింది.

అడుగంతా ఒకే గట్టితనంతో ఉంటే ఏరు నిమ్మళంగా పారేది. ఈ కొండల్లో గట్టి క్వార్ట్‌జైట్ పొరల పక్కనే మెత్తటి పలకరాయి పొరలున్నాయి. మెత్తది త్వరగా అరిగి పల్లమవుతుంది, గట్టిది గడపలా నిలబడుతుంది. ఆ గడప దాటేటప్పుడే నీరు నురగలు కక్కుతూ ఉరుకుతుంది. అలా ఉరికే చోట ఏటి పని ఇంకా మిగిలే ఉంది. వరద వచ్చిన ప్రతిసారీ ఆ గడప కొంత అరుగుతుంది.

నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారే పెన్న గండికోట దగ్గర ఎర్రమలల్ని, సోమశిల దగ్గర వెలిగొండల్ని ఇలాగే కోసుకుంటూ వచ్చింది. సోమశిల ఆనకట్టను ఆ కొండల నడుమే కట్టారు. జలాశయంలో నీరు నిలవగానే ఇసుక అడుగున పేరుకుంటుంది. దిగువకు తేటనీరే వెళ్తుంది. మోయడానికి బరువు లేని ఆ నీరు దిగువన ఉన్న ఇసుకనే ఎత్తుకుపోతుంది. పైనుంచి రాని ఇసుకను మనమూ తోడేస్తే నది అడుగు ఇంకా దిగిపోతుంది. చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టమూ దానితోపాటే దిగుతుంది.

ఎండిన ఏటి పక్కన ఇల్లు కట్టాలనుకునేవారు ముందు అక్కడి రాళ్లను చూడాలి. నున్నగా గుండ్రంగా అరిగిన రాయి ఎంత పెద్దదైతే, దాన్ని అక్కడికి దొర్లించిన వరద అంత పెద్దది. ఆ వరద మళ్లీ వస్తుంది.